బీరు గ్లాసుల మధ్య మా నాయిన చరిత్ర

ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరైనా నమస్తే సార్ అంటే చాలు, సిద్దిపేట చరిత్ర మొదలుపెడతాడు. నన్ను చూసి జనం సందు మారుస్తున్నారని మా ఆవిడ అంటుంది. అది అన్యాయం. మారుస్తున్నది ఇద్దరే.

అందుకే నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, మా కాడ నెలకొక్కసారి ఊరి ముచ్చట్లు పెడుతున్నం. గీసారి నేత మీద మీరే మాట్లాడాలె" అనగానే, ఎక్కడ అని కూడా అడగకుండా ఒప్పుకున్నాను. ఎక్కడో తర్వాత తెలిసింది. హైదరాబాదు రోడ్డు మీద అతను కొత్తగా పెట్టిన బ్రూవరీలో. అక్కడే బీరు తయారుచేసి అక్కడే గ్లాసుల్లో పోస్తారట. మద్యపానం వల్ల కలిగే నష్టాలు అన్న వ్యాసాలకు ఏటా మార్కులు వేసిన చేయి నాది. రానని చెప్పాల్సింది. కానీ మైకు ఇస్తామన్నాడు, మైకు ఇస్తే నేను ఎక్కడికైనా పోతాను.

నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది. మా నాయిన మీద ఒక పుస్తకం రాసి పెట్టుకున్నాను. ఊళ్లో నేతగాళ్లంతా మహారాష్ట్రలోని భివండి పోయి కరెంటు మగ్గాల మీద కూలి చేస్తుంటే, ఆయనొక్కడే చేత్తో నేసే గుంట మగ్గం వదలకుండా చివరిదాకా గొల్లభామ చీరలు నేశాడన్నది అందులోని కథ. నిజానికి ఆయన కూడా పోయాడు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు బడిలో మీ నాయిన ఏం చేస్తాడని అడిగితే నేస్తాడని చెప్పేవాణ్ని, ఎక్కడ అన్నది మింగేసేవాణ్ని. కూలికి పోయినవాడి కొడుకుననిపించుకోవడం నాకు నామోషీ. ఆ నామోషీయే పెద్దయ్యాక నూటయాభై పేజీలైంది. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది, సంగతి తెలిసినవాళ్లూ ఒక్కొక్కరే పోయారు. ఆ సాయంత్రం నలుగురూ నమ్మితే మర్నాడే అచ్చుకు ఇచ్చేద్దామనుకున్నాను.

తెలిసిన మనిషి ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు. మా అవ్వ. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే అంటాం. ఆవిడకు చదువు రాదు కాబట్టి పుస్తకంలో ఏముందో తెలియదని నా ధైర్యం. ఆవిడ పెట్టెలో ఒక గొల్లభామ చీర ఉంది. నాకు ఊహ తెలిశాక ఆవిడ దాన్ని కట్టుకోగా చూసింది రెండు మూడు సార్లే. సభలో చూపించడానికి అది కావాలని అడిగాను.

"చీర ఇస్త గని, నేను గూడ వస్త. మీ నాయిన ముచ్చట చెప్తవట గద" అంది.

"అది తాగే జాగ అవ్వా."

"తాగని జాగ ఏడున్నదిరా?"

ఆటో దిగేటప్పుడు ముఖానికి రుమాలు కట్టుకున్నాను, దుమ్ము పడదన్న వంకతో. అవ్వ మాత్రం పేరంటానికి వచ్చినట్టు దర్జాగా లోపలికి నడిచింది. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు చూసి, "పాల సెంటరారా గిది?" అని గట్టిగా అడిగింది. నా విద్యార్థి వచ్చి కాళ్లకు మొక్కి నిమ్మ సోడా తెప్పించాడు. ఆవిడ పక్క బల్ల మీది గ్లాసు అందుకుని వాసన చూసి, "దీనికన్న ఈత కల్లు నయం బిడ్డా" అంది. అందరూ నవ్వారు. నేను రుమాలు కళ్లదాకా లాక్కున్నాను.

పాతిక మంది దాకా వచ్చారు. ఎక్కువమంది కుర్రకారు. ముందు వరసలో, ఊళ్లో ఇంకా చేతి మగ్గం నడుపుతున్న పెద్దాయన ఒకరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నా విద్యార్థే ఆయన్ను పిలిచాడట.

ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడాను. అక్కడే కొంప మునిగింది. చప్పట్లు పడేకొద్దీ మా నాయిన పెరుగుతూ పోయాడు. పుస్తకంలో లేని మాటలు కూడా నోటికొచ్చాయి. చివరికి, "మా నాయిన భివండి ముఖం కూడా చూడలేదు" అన్నాను. అవ్వ వైపు చూడకుండా అన్నాను. తర్వాత చీర విప్పి, నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామల వరస అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాను. "ఇది ఆయన చేతిపని" అన్నాను. ఒకమ్మాయి వీడియో తీసింది.

ముందు వరసలోని పెద్దాయన చేయి చాపారు. మెచ్చుకోవడానికే అనుకుని గర్వంగా అందించాను. నేత తెలిసినవాళ్లు చీరను ముందువైపు చూడరు. చేతిలో పడగానే తిప్పి వెనక చూస్తారు. ఆయన కూడా తిప్పారు. ప్రతి బొమ్మ వెనకా కత్తిరించిన దారాల కొసలు, రెండు రోజుల గడ్డంలా. చేత్తో బొమ్మ తీస్తే దారం ఆ బొమ్మలోనే తిరుగుతుంది, కత్తెర పనే ఉండదు. ఈ సంగతి నాకు తెలిసింది అక్కడే, ఆయన చెప్పాకే. నేత ఇంట్లో పుట్టి, నేత మీద పుస్తకం రాసి, ఇంట్లో ఉన్న ఒక్క చీరను ఒక్కసారైనా తిప్పి చూడని ఘనుణ్ని నేను.

"సార్, గిది చేతిపని గాదు. కరెంటు మగ్గం మీద నేసింది" అన్నారాయన మెల్లగా, తప్పు తనదైనట్టు.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. మైకులోనే, "మా అవ్వ పెద్దమనిషి, మతిమరుపు. వేరే చీర ఇచ్చినట్టుంది" అన్నాను.

"నాకేం మతిమరుపు లేదురా" అంటూ అవ్వ లేచింది.

మైకు లేకపోయినా ఆవిడ గొంతు అందరికీ వినిపించింది. "గీడ మగ్గం మీద ఆయన నేసిన చీరలన్ని సేటు కాడికే పోయినయి. ఒక్కటన్న ఇంట్ల మిగల్లే. నేను రాత్రనక పగలనక నూలు కండెలు చుట్టిన, గని నా ఒంటి మీదికి ఒక్క గొల్లభామ రాలే. భివండి పోయినంక ఆడ బజార్ల గీ బొమ్మ కనవడ్డదట. కొనుక్కొచ్చిండు. ‘ఇన్నేండ్లు ఊరందరికి నేసిన, నీకు ఒక్కటియ్యలే, గిది కట్టుకో’ అన్నడు. చేతుల వడంగనే తిప్పి చూసిన. నేను చూసుడు ఆయన చూసిండు. ఇద్దరం నవ్వుకున్నం."

ఆ పెద్దాయన చీర మడతపెట్టి అవ్వకిస్తూ, "నేను గూడ పోయిన అవ్వా, ఎనిమిదేండ్లు" అన్నారు. వెనక బల్ల నుంచి ఒక కుర్రాడు "మా తాత గూడ" అన్నాడు. వీడియో తీసిన అమ్మాయి వాళ్ల నాన్న అక్కడే పుట్టాడట. నా విద్యార్థి వచ్చి నా చేతిలోని మైకు మర్యాదగా తీసుకుని అవ్వకిచ్చాడు. ఆ తర్వాత గంటసేపు అందరూ ఆవిడనే అడిగారు. ఆయన ఉత్తరాలు ఎవరు చదివి పెట్టేవారు, పండక్కి వచ్చేవాడా, అక్కడ ఏం వండుకునేవాడు అని. ఒక్కో గదిలో పదిమంది వంతులేసుకుని పడుకునేవాళ్లని, మగ్గాల మోతకు ఆయనకు కుడి చెవి వినిపించకుండా పోయిందని ఆవిడ చెప్పింది. ఆ చెవి సంగతి నాకు తెలియదు. పిలిస్తే పలకడని చిన్నప్పుడు ఆయన మీద అలిగేవాణ్ని. నా పుస్తకంలో ఆయన మితభాషి అని ఒక పేజీ నిండా రాశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అవ్వ చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనే ఉండబట్టలేక, "కోపమొచ్చిందా అవ్వా?" అని అడిగాను.

"కోపమెందుకురా. నువ్వు చెప్పినాయన మంచోడే" అంది. కొంచెం దూరం పోయాక మళ్లీ అంది.

"గని నేను కాపురం జేసింది గాయనతోని గాదు."