ఉంగరం తొడిగే పూట అప్‌డేట్

నిశ్చితార్థం రోజు పిల్లనిచ్చే మామను బిర్యానీ ముట్టకముందే హాల్లోంచి బయటికి నడిపించిన అల్లుణ్ణి మీరు యాడన్నా చూసినారా? చూడకపోతే ఇంగ చూసుకోండి, అది నేనే. ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఒక్క బటన్ నొక్కినాను, అంతే.

కోలారు బంగారు గనులు మూసి చాన్నాళ్ళయినాక జరిగిన మాట ఇది. మాది ఆ గనుల పక్కనే ఉండే కోరమండల్. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందర కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అని ఎందుకంటున్నానంటే, దాంట్లో నాకు బాగా వచ్చింది అదొక్కటే. అయినా మా గనోళ్ళ లైనిండ్లల్లో ఎవరి ఫోను మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు. నేను పెద్ద డాక్టరు మాదిరి తలాడించి, దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసి చేతిలో పెట్టేవాణ్ణి. ఆ పేరుతోనే సలోమిని పెండ్లికి అడిగే ధైర్యం వచ్చింది.

సలోమి వాళ్ళ నాయన దేవదానం మామ గనిలో పంజరం లాంటి లిఫ్టును దించీ ఎక్కించీ బతికినోడు. నా ఉద్యోగమంటే ఆయనకు అంత నమ్మకం లేదు.

"కూర్చుని ఏం చేస్తావప్పా దినమంతా?" అని అడిగినాడు.

"కంప్యూటర్ పని మామా."

"అట్లయితే నాకొక పని చెయ్యి. మన గని సైరన్ ఉండేది కదా, షిఫ్టుకి కూసేది. సలోమి వాళ్ళమ్మ ఉండేది కదా, ఆయమ్మ ఆ కూత వినే పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆమె పోయె, అదీ పోయె. ఉంగరం తొడిగే ముందర దాన్ని ఒక్కసారి వినిపించు, పిల్ల చెయ్యి నీ చేతిలో పెడతాను."

ఊరంతా తిరిగి, ఎవరో పాత టేపులో పట్టిపెట్టుకున్న కూతను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చినాను. సలోమి ఇస్కూల్లో కంప్యూటర్ టీచరు. చూడంగానే అడిగింది.

"నీ ల్యాప్‌టాప్‌లో దీన్ని ఆడించే ప్లేయర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వేసినావా?"

"రోజూ అడుగుతా ఉండాది. తరువాత అని నొక్కుతా ఉండాను."

"పాత ప్లేయర్లో సందులుంటాయి. చెడ్డ ఫైలొకటి ఆ సందులో దూరిందంటే ల్యాప్‌టాపే పోతాది. ఇంట్లోనే, ముందుగానే వేసుకో. వేసినాక ఒకసారి ఆడించి చూసుకో."

సరే అన్నాను. మగాళ్ళు సరే అంటే ఏమవుతాదో మీకు నేను చెప్పాల్నా?

నిశ్చితార్థం చర్చి పక్క హాల్లో. మామతో పని చేసిన పెద్దాళ్ళంతా వచ్చినారు. చెప్పులన్నీ గుమ్మం బయట, బిర్యానీ దేగిశాలు లోపల. నేను సూటేసుకుని ల్యాప్‌టాప్ తెరిచినాను. ప్రొజెక్టరుతో దాని బొమ్మ గోడ మీద ఇంత పెద్దగా పడతా ఉండాది. ఫైలు మీద నొక్కితే సైరన్ రాలేదు, ప్రశ్న వచ్చింది. సెక్యూరిటీ అప్‌డేట్ సిద్ధం, ఇప్పుడా, తరువాతా?

సలోమి కుర్చీలోంచి నాపక్క ఒక చూపు చూసింది.

"ఏందప్పా అడుగుతా ఉండాది?" అన్నాడు మామ.

"సెక్యూరిటీ మామా. సేఫ్టీ మాదిరి."

"సేఫ్టీ అంటే చెయ్యాల్సిందే కదా," అని పెద్దాళ్ళందరూ ఒకే గొంతు.

ఇంతమంది ముందర 'తరువాత' ఎట్ల నొక్కేది? 'ఇప్పుడే' నొక్కినాను. నా ఫోన్లోని ఇంటర్నెట్‌తో అది దిగుతా ఉంటే, గోడ మీద ఎంత దిగిందో చూపించే గీత గర్భిణి నడిచినట్ల నడిచింది.

పాస్టరయ్య చెవిలో, "అయ్యగారూ, ప్రార్థన కొంచెం పెంచండి," అన్నాను. ఆయన మంచోడు. వధూవరుల్ని దీవించి, కోలారు మార్కెట్లో టమాటా ధరను దీవించి, రాయల్పాడు మామిడి పూతను కూడా దీవించినాడు. గీత సగానికి రాలేదు. ఆయన గొంతు మాత్రం అయిపోయింది.

మామ లేచినాడు. మొగం చిన్నబోయి ఉండాది. "పోనీలేప్పా. లేనిదాన్ని యాడ తెస్తావు. ఉంగరం తొడుగు," అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆయన అడిగింది ఒక్కటే కదా.

సలోమి వేలి కొసకు ఉంగరం తగిలించినానో లేదో, అప్‌డేట్ ముగిసింది. ప్లేయరు తనంతట తానే తెరుచుకుని, ఆగిపోయిన ఫైలును అందుకుని, ఉన్న సౌండంతా పెట్టి కూసింది.

పెద్దాళ్ళంతా ఒక్కసారే లేచినారు. ఎవరూ ఎవరి మొగమూ చూడలేదు. కొందరికి అది షిఫ్టు ఎక్కే కూత, కొందరికి దిగే కూత. గని పక్కకి కొందరు, ఇంటి పక్కకి కొందరు, గుమ్మం దగ్గర ఒకరినొకరు తోసుకుంటా పోయినారు. అందరికంటే ముందు మా మామ. హాల్లో మిగిలింది ఆడవాళ్ళు, పాస్టరయ్య, బిర్యానీ, సగం ఉంగరంతో నేను.

"షిఫ్టు అయిపోయింది," అనింది సలోమి. "చెయ్యి వదులు."

ఒకరెనక ఒకరు సిగ్గుపడతా తిరిగొచ్చినారు. ఆఖర్న మామ వచ్చినాడు, చెప్పుల్లేని కాళ్ళనిండా దుమ్ము.

"ఇంటి దాకా పోయినానప్పా," అన్నాడు మెల్లగా. "ఆయమ్మ ఎసరు పెట్టి ఉంటాదనుకున్నా. తలుపుకు బీగం చూసినాకే తెలివొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ఆయనే ముందు నవ్వి, సలోమి చెయ్యి తీసి నా చేతిలో గట్టిగా పెట్టినాడు.

ఆ పూటే ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, పాస్టరయ్య సాక్షిగా ప్రమాణం చేసినాను. అప్‌డేట్ వచ్చిందంటే ఇంట్లో, ఎవరూ ఎదురుచూడని పూట, వెంటనే వేస్తాను. పెండ్లి, ప్రార్థన, పంక్తి భోజనం, ఈ మూడు చోట్లా ఆ బటన్ ముట్టుకోను. సలోమి ఆమెన్ అనింది.

మామ మాత్రం కాళ్ళు కడుక్కుంటా అన్నాడు, "ముట్టుకుంటే ముట్టుకో అల్లుడా. ముందు ఒక మాట చెప్పు, చెప్పులన్నా ఏసుకుంటాను."