నడిమి గిన్నె

శుక్రవారం సాయంత్రం పాప బడి నుంచి ఫోన్‌కు సందేశం వచ్చింది. సోమవారం తరగతిలో "వస్తువు చూపించు, కథ చెప్పు" ఉంటుంది, ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువును పిల్లలు తెచ్చి దాని కథ సొంత మాటల్లో చెప్పాలి, వీలున్న తల్లిదండ్రులు వెనక వరుసలో కూర్చోవచ్చు. కొత్తకోట దాటాక హైవే పక్కన, పత్తిచేల మధ్య లేచిన ఇంటర్నేషనల్ స్కూలు అది. అంతర్జాతీయం అనదగ్గవి అక్కడ నాకు కనిపించినవి గేటు మీది జెండాలూ, ఒక పెద్ద గ్లోబూ మాత్రమే. రెండో తరగతికి పుస్తకాలు తక్కువ, పనులు ఎక్కువ. పోయిన నెల అగ్నిపర్వతం చేయమంటే అది మా వంటింట్లోనే పేలి మా ఆయన తెల్లచొక్కా మీద పడింది. "గీ బడిల పిల్లలు సదువుతలేరే, మనం సదువుతున్నం," అన్నాడాయన చొక్కా విప్పుతూ. అప్పుడు నవ్వాను. ఈ సందేశం చదివి మాత్రం నవ్వలేకపోయాను. మా ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువేదో నాకు తెలుసు. దాని కథా తెలుసు. ఆ కథ ఏడేళ్ల పిల్ల నోట పలికించాలా వద్దా అన్నది మూడు రోజులు నన్ను సరిగా తిననివ్వలేదు.

అది మా అవ్వ పోపుడబ్బా. అవ్వంటే అమ్మ తల్లి. ఇత్తడి డబ్బా, గుమ్మటంలాంటి మూత, లోపల ఏడు చిన్న గిన్నెలు. చుట్టూ ఆరు, నడుమ ఒకటి. రెండు గిన్నెలకు విడిగా బుల్లి మూతలుండేవి, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో ఇంగువ. సెలవులకు పోతే అవ్వ పొయ్యి ముందు నన్ను కూర్చోబెట్టుకుని, "కండ్లు మూస్కో. కుడిపక్క గిన్నెల ఏమున్నది?" అని అడిగేది. మెంతులో, జీలకర్రో, ఎండుమిరపకాయ తునకలో, వాసన పట్టి చెప్పేదాన్ని. సరిగ్గా చెబితే కొంగు ముడిలోంచి చిటికెడు సోంపు. అవ్వ కోడలు, మా అత్త, ఎప్పుడైనా గిన్నెలు అటూ ఇటూ మారిస్తే ఆ పూట ఇంట్లో యుద్ధమే. "నా ఇల్లు నా ఇష్టమొచ్చినట్టు సర్దుకుంట, నీకేం నొప్పే?" అనేది అవ్వ. విచిత్రమేమంటే, నడిమి గిన్నె ఎప్పుడూ ఖాళీ. ఆవాలకు చోటు లేక వాటిని వేరే సీసాలో పోసేది తప్ప అందులో ఒక్క గింజ వేసేది కాదు. ఎందుకని అడిగితే, "దానికి గాలాడాలె," అనేది. చిన్నపిల్లను, నమ్మాను.

చివరి ఏడాది అవ్వ మంచాన పడి మా ఇంట్లోనే ఉంది. పాలు తాగుతున్న పాపను ఒళ్లో పెట్టుకుని నేను పక్కన కూర్చుంటే, ఒక మధ్యాహ్నం తనంతట తానే చెప్పింది. అది పోపుడబ్బా కాదట, తమలపాకుల్లోకి వక్కా సున్నమూ పెట్టుకునే పాన్‌దాన్ అట. అవ్వకు పదేళ్లప్పుడు వాళ్ల వాడలో ఉర్దూ బడి పంతులు ఇల్లుండేది. ఆయన భార్యను ఊరంతా ఉస్తానీమా అనేవాళ్లు, అంటే పంతులమ్మ. ఆడపిల్లల్ని ఎవరూ బడికి పంపని ఆ రోజుల్లో ఆమె తన అరుగు మీదే నలుగురైదుగురిని చేరదీసి చదువు చెప్పేది. పలకల్లేవు. పాన్‌దానే పలక. గిన్నెకు మూడు వక్కలేసి ఎక్కాలు, కళ్లు మూయించి ఏ గిన్నెలో ఏముందో చెప్పించడం. నడిమి గిన్నెలో ఎప్పుడూ సోంపు. బహుమతీ అదే.

ఆ ఎండాకాలం రజాకార్లు ఊరి మీద పడి అవ్వ వాళ్ల నాయిన గడ్డివాము తగలబెట్టారు. ఆయన్ను చెట్టుకు కట్టి కొట్టారు. పోలీస్ యాక్షన్ జరిగి మిలిటరీ వచ్చాక అంతా తిరగబడింది. కొట్టినవాళ్లు ఎటో పారిపోయారు. దొరికింది వాళ్లతో ఏ సంబంధమూ లేని ఉర్దూ పంతులు. ఊరివాళ్లే ఆయన్ను చంపి మోటబావిలో వేశారు. అందులో తన నాయిన చేయి ఉందో లేదో అవ్వ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సాయంత్రమే ఉస్తానీమా దొడ్డిదారిన వచ్చి పాన్‌దాన్ అవ్వ తల్లి చేతిలో పెట్టింది. "జర పైలంగ దాచు చెల్లే. బతికుంటె ఒచ్చి తీస్కపోత," అని కట్టుబట్టలతో పోయింది.

జొన్న కోతలప్పుడు తిరిగి వచ్చింది. దారిలో ఎవరూ గుర్తుపట్టకుండా నుదుట బొట్టు పెట్టుకుని వచ్చిందట. వాకిట్లో నిలబడి డబ్బా అడిగితే అవ్వ తల్లి, "ఏం డబ్బా? నేనెర్గ. ఇచ్చినవా, కలగన్నవా?" అంది. లోపల్నుంచి అవ్వ నాయిన అరిచాడు: "నా గడ్డివాము కాలవెట్టిననాడు ఎవ్వలొచ్చిండ్రు అడుగనీకి?" తల్లి కూతురి వైపు ఉరిమి చూస్తూ, "నా బిడ్డ నడుగు, గది అబద్ధమాడది," అంది. ఉస్తానీమా పిల్ల ముందు వంగి పాన్‌దాన్ మాటే ఎత్తలేదు. "కండ్లు మూస్కో బిడ్డా. నడిమి గిన్నెల ఏమున్నది?" అంది. అలవాటు కదా. అవ్వ కళ్లు మూసుకుంది. "ఆవాలు," అంది.

ఉస్తానీమా "శాబాష్" అంది. కొంగు ముడి విప్పి, అడుగున మిగిలిన సోంపంతా పిల్ల అరచేతిలో పోసి వెళ్లిపోయింది. మళ్లీ ఎవరికీ కనబడలేదు. తలుపు వేశాక, డబ్బా ఇంట్లోనే ఉందని బయటపెట్టినందుకు తల్లి అట్లకాడ కాల్చి అవ్వ చేతి మీద వాత పెట్టింది. ఆ మచ్చ వంటలో కాలిందనుకునేదాన్ని నేను. పెళ్లయినప్పుడు ఆ తల్లే ఆ డబ్బాను సారెలో పెట్టి పంపింది. "ఉస్తానీమా గుంజుకోవచ్చు, ఒర్లొచ్చు, ఏమనలే," అంది అవ్వ. "గా సోంపు నేను తిన్న బిడ్డా. తియ్యగుండె."

ఆదివారమంతా డబ్బాను చింతపండుతో తోమాను. పాపకు మూడు వాక్యాలు నేర్పాను: ఇది మా ముత్తవ్వ పోపుడబ్బా, కొల్లాపూర్ సంతలో కొన్నది, రోజూ దీంతోనే వంట చేసేది. పదిసార్లు అప్పజెప్పించుకున్నాను. పసిపిల్లకు ఆ బావి కథ ఎందుకు అనుకున్నాను. రేపు తరగతి పిల్లలు దాన్ని దొంగ డబ్బా అంటారేమో అన్న భయమే ఎక్కువ.

ఈ రోజు పాప తడబడకుండా చెప్పింది. అప్పుడు ముందు వరుసలోంచి రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "మిస్, గది పోపుడబ్బా కాదు, పాన్‌దాన్. మా దాదీకాడ ఉన్నది. మూతల గిన్నెలు సున్నానికి, కాచుకు." తరగతి ఘొల్లుమంది. "పోపుడబ్బా తెల్వదే నీకు?" అన్నాడొకడు. మిస్ నవ్వి, "మమ్మీ ఉన్నారుగా, అడుగుదాం," అంది. నా కూతురు వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ పిల్లా చూసింది, నేను తన మాట నిలబెడతానన్న నమ్మకంతో. "పోపుడబ్బానే, మిస్," అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. కళ్లు తుడుచుకోవడం కనిపించింది. గేటు దగ్గర పిల్లలంతా దాని వెంటపడి "పాన్ డబ్బా, పాన్ డబ్బా" అని పాడుతున్నారు. అందరికన్నా గట్టిగా నా కూతురు పాడుతోంది. మందలించాల్సింది. మిస్ ఇచ్చిన బంగారు రంగు నక్షత్రం పాప చొక్కా మీద మెరుస్తోంది. చేయి పట్టుకుని బండెక్కించాను.

ఇంటికొచ్చాక అడిగింది: "అమ్మా, నడిమి గిన్నె ఖాళీ ఎందుకున్నదని ఆ పిల్ల బయటికొచ్చేటప్పుడు అడిగింది. ఏం చెప్పాలె?"

నేను ఆవాల పొట్లం విప్పి అందులో పోశాను. పాప కళ్లు మూసుకుని, వేలు ముంచి, "ఆవాలు," అంది సంబరంగా. పాప పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. అవ్వ బతుకంతా ఖాళీగా కాపాడుకున్న చోటు నిండడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.