నా వెనక కొండెక్కిన మనిషి

దయ్యాలనేవి ఉంటే, ఉప్పెన వచ్చిన మర్నాటి నుంచి మా దివిసీమలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అంతకుముందూ నేను నమ్మలేదు, ఆ తర్వాత అసలే నమ్మలేదు. కరకట్ట మీద ఎవరో ఏడుస్తున్నారని, బావి దగ్గర ఎవరో మంచినీళ్ళు అడుగుతున్నారని ఊరూరా చెప్పుకునేవాళ్ళు. వింటుంటే నాకు ఒళ్ళు మండేది. శవాలను లాగింది మేము, పూడ్చింది మేము. కనిపించేదేదైనా ఉంటే ముందు మాకు కనిపించాలి కదా.

నా పేరు ఖాదర్. మాది బందరు. పైపులు, చేతిపంపులు బిగించే ఫిట్టర్ని. నా భార్య షంషాద్ తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో చిన్న ఊరు. ఉప్పెన ఆ ఊరి మీద నుంచే పోయింది. మా అత్తగారు తుమ్మచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని బతికింది. షంషాద్ చెయ్యి ఆవిడ చేతిలోంచే జారిపోయింది.

శవం దొరకలేదు. నేను వెతకని కాలవ లేదు. చివరికి ఏ కంపకి చీరముక్క తగులుకుని కనిపించినా మొహం తిప్పుకునే స్థితికి వచ్చాను.

సాయం చేస్తామని చాలామంది వచ్చారు. పంచిపెట్టి, ఫొటోలు దిగి, వెళ్ళిపోయారు. ఉండిపోయిన కొద్దిమందిలో వర్గీస్ గారు ఒకరు. కేరళ ఆయన. ఏదో విదేశీ సేవాసంస్థ తరఫున, ఉప్పుబారిన బావులు తోడించి కొత్త పంపులు వేయించేవారు. నేను ఆయన దగ్గర ఊరికే పనిచేశాను. ఇంట్లో కూర్చోలేక. నా భార్య ఉప్పెనలో పోయిందని మాత్రం ఆయనకి తెలుసు. కడుపుతో ఉందన్న మాట ఆయనకి కూడా చెప్పలేదు. చెప్తే ఆయన మొహంలో వచ్చే జాలి చూడలేననిపించింది.

మరుసటి ఏడాది వానలు తగ్గాక ఆయన నేపాల్ వెళ్దాం రమ్మన్నారు. అక్కడ కొండల్లో ఒక ఊరుందట. ఆడవాళ్ళు నీళ్ళకోసం లోయలోకి దిగి ఎక్కాలట. ఊరి పైనున్న ఊట నుంచి పైపు వేయొచ్చో లేదో ముందొకసారి చూసి రావాలి. వీలుంటే నేను ఏడాదిపాటు అక్కడే ఉండి పని చేయించాలి.

“మన వీధిలో బిందెడు మంచినీళ్ళకి కొట్టుకుంటున్నాం. నువ్వెళ్ళి కొండల మీద కుళాయిలు తిప్పుతావా?” అన్నాడు మా అన్న.

“ఇక్కడ నీళ్ళు చూస్తే కడుపులో తిప్పుతోంది అన్నా” అన్నాను.

అంతకుమించిన సేవాభావం నాలో ఏమీ లేదు. సముద్రం ఎంత లేచినా అందుకోలేని ఎత్తుకి పోవాలనిపించింది.

రైళ్ళు మారి, బస్సులు మారి కొండల కింద ఒక చిన్న బజారు చేరాం. అక్కడ వర్గీస్ గారికి విరేచనాలు పట్టుకుని మంచం మీంచి లేవలేకపోయారు. పైకి నేనూ, దారి చూపించే మాన్ బహదూర్ అనే ఆయనా వెళ్ళాం. మాన్ బహదూర్ చాలాకాలం మన సైన్యంలో పనిచేశాడు. హిందీ బాగా వచ్చు. నాకు ఇంట్లో ఉర్దూ ఉండనే ఉంది. మాటకి ఇబ్బంది లేదు. తోవలో నా సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

పొద్దున్నే బయల్దేరాం. సగం ఎక్కాక ఒక పూరిపాకలో టీ అమ్ముతున్నారు. మేమిద్దరం బల్ల మీద కూలబడ్డాం. పాకలో ఆవిడ మూడు గ్లాసులు తెచ్చిపెట్టింది. మూడోది ఎవరికని మాన్ బహదూర్ అడిగితే గుమ్మం వైపు చూసి, మళ్ళీ మా వైపు చూసి, లోపలికి పోయింది. మతిమరుపు మనిషి అని ఆయన నవ్వాడు. మూడోది కూడా నేనే తాగాను.

ఇంకాస్త పైన ఒకావిడ గడ్డిమోపు వీపు మీద వేసుకుని ఎదురొచ్చింది. దారి సన్నం. ఆవిడ పక్కకి ఒదిగి మాన్ బహదూర్‌ని పోనిచ్చింది, నన్ను పోనిచ్చింది. అయినా అలాగే నుంచుంది. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ఎవరికో దారి ఇస్తున్నట్టు మోపు ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా ఏదో అంటోంది. దారి మీద ఎవరూ లేరు.

ఊరంటే వాలు మీద విసిరేసినట్టు కొన్ని రాతి ఇళ్ళు. మధ్యాహ్నానికి చేరాం. మాకు బస ఒక ముసలమ్మ ఇంట్లో. ఆవిడ కాళ్ళు కడుక్కోమని నాకూ మాన్ బహదూర్‌కీ నీళ్ళిచ్చింది. తర్వాత ఇంకో చెంబు తీసుకుని నన్ను దాటి వెళ్ళింది. ఖాళీగా ఉన్న బండ మీద వంగి, మెల్లగా, ధారగా పోసింది. లోయలోంచి మోసుకొచ్చిన నీళ్ళవి. ఒక్క చుక్క కూడా వృథా చెయ్యరు వాళ్ళు.

తర్వాత నా మీద కోప్పడింది. నాకు భాష తెలియకపోయినా కోపమని తెలిసింది. మాన్ బహదూర్ మొహం పాలిపోయింది.

“ఏమంటోంది?” అని అడిగాను.

“నెలలు నిండిన పిల్లని ఇంత కొండ నడిపించి తెస్తావా, నీకు బుద్ధుందా అంటోంది” అన్నాడు.

ఎక్కడుందని అడగమన్నాను. ముసలమ్మ నా వైపు వింతగా చూసి, లోపల పొయ్యి పక్కన పరిచిన కంబళిని చూపించింది. అలిసిపోయింది, పడుకోనీ అంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ కంబళి ముందు కూర్చున్నాను. పొగ. కట్టెలు. గోడకి చేరేసిన ఇత్తడి బిందె. చేత్తో తడిమాను. కంబళి ఆ చలిలో రాయిలా చల్లగా ఉంది. షంషాద్ అని పిలిచాను. ఉప్పెన నేల మీద ఏ పేరు పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నానో, ఆ పేరే అక్కడ మళ్ళీ పిలిచాను. ఏమీ లేదు.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, కడుపుమంట. నేను శవాలు తిరగేస్తూ తిరిగినన్నాళ్ళు నా కలలోకైనా రాలేదు. భాష రాని ఈ ముసలమ్మకి కనిపిస్తుందా?

మాన్ బహదూర్ ఏదో ఆట ఆడుతున్నాడనుకుని ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన దేవుడి మీద ప్రమాణం చేశాడు. ఆయనకీ ఎవరూ కనిపించలేదట. నిజం ఎలా తేలుతుంది? మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని, దారిలో వాకబు చేసుకుంటూ గడ్డిమోపు ఆవిడ కోసం వెళ్ళాను. ఆవిడది అవతలి గట్టు మీద వేరే ఊరు, ముసలమ్మతో మాట్లాడే అవకాశమే లేదు. నిన్న మేమెంతమందిమి అని మాత్రం అడిగించాను, ఇంకేమీ చెప్పనివ్వలేదు.

“ముగ్గురు. ఆ అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుంది. చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, కాలితో తడుముకుంటూ అడుగేస్తోంది, ఏట్లో నడిచినట్టు. నేల పొడిగానే ఉంది, భయపడకమ్మా అని చెప్పాను” అంది.

ఆ దారిలో తడి లేదు. ఎర్రటి దుమ్ము.

నేను వచ్చిన పని చేశాను. ఊట మంచిది, వేసవిలోనూ ఎండదన్నారు. వాలు సరిపోతుంది. పైపు ఎక్కడ ఎలా తిప్పాలో చూసుకున్నాను. ఆ కొద్దిరోజులూ ముసలమ్మ పూటపూటా లోపల ఒక పళ్ళెం పెట్టేది, ఆవనూనె వెచ్చచేసేది, వాము వేసి ఏదో కాచేది. తీసేటప్పుడు పళ్ళెంలో మెతుకులు అలాగే ఉండటం నేను చూశాను. ఆవిడ మాత్రం ఆ పిల్ల సరిగ్గా తినడం లేదని బెంగపడేది. ఎదురుగా మనిషి ఉన్నట్టే కసురుకుంటూ మాట్లాడేది. ఆవిడ మతి చెడిన మనిషి కాదు. ఇంటి పనీ, పొలం పనీ, పశువుల పనీ ఆవిడే చూసుకునేది. వారం, పండగ అన్నీ సరిగ్గా చెప్పేది.

నేను రోజూ ఆ పొయ్యి పక్కనే కూర్చునేవాణ్ణి. సిగ్గు విడిచి చెప్తున్నాను, మాట్లాడేవాణ్ణి కూడా. నాకు ఒక్కసారి కూడా ఏమీ వినిపించలేదు.

తిరిగి వచ్చే రోజు ముసలమ్మ గుమ్మానికి అడ్డం నుంచుంది.

“ఆ పిల్ల దిగదు. కింద నీళ్ళున్నాయని భయపడుతోంది. పురుడు నేను పోస్తాను. అయ్యాక వచ్చి తీసుకెళ్ళు” అంది. మాన్ బహదూర్ ఈ మాటలు నా మొహం చూడకుండా చెప్పాడు.

సరే అన్నాను. చేతిలో ఉన్న శాలువా ఆ కంబళి మీద పెట్టి వచ్చాను.

దిగేటప్పుడు టీ పాకలో ఆగాం. ఆవిడ రెండు గ్లాసులు తెచ్చింది. మొన్న మూడు తెచ్చావు కదా అని అడిగించాను. “మొన్న ముగ్గురొచ్చారు” అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వర్గీస్ గారు కోలుకున్నాక ఊట సంగతంతా చెప్పాను. కొన్నాళ్ళకి సంస్థలో పైవాళ్ళు తమ జాబితాలోంచి ఆ ఊరిని తీసేశారని తెలిసింది. మరీ దూరమట. జీపు వెళ్ళే దారిలో ఉన్న ఇంకో ఊరికి కుళాయిలు వచ్చాయి. పెద్దమనుషులు వెళ్ళి చూసి రావడానికి అదే అనువు. నేను ఎంత బతిమాలినా వినలేదు. కారణం చెప్పి బతిమాలలేను కదా. ఆ ముసలమ్మ ఇంకా లోయలోంచే నీళ్ళు మోస్తూ ఉండి ఉంటుంది.

నా అంతట నేను వెళ్ళొచ్చు. సరిహద్దులో మనవాళ్ళని ఎవరూ ఆపరు. వెళ్ళలేదు. వెళ్ళి ఆ గుమ్మం ముందు నుంచుంటే, ముసలమ్మ నా వెనక్కీ ముందుకీ చూసి, ఎవరి కోసం వచ్చావని అడిగితే? ఆ తర్వాత ఇక నేను వెతకడానికి ఈ భూమి మీద చోటుండదు.

ఈ సంగతి ఒక్క మా అత్తగారికే చెప్పాను. ఆవిడ పెడనలో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. అతను అద్దకం పనికి వెళ్ళాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి కూర్చుని మొదటినుంచీ చెప్పాను. నమ్మదనుకున్నాను. పుండు రేపావని తిడుతుందనుకున్నాను. ఆవిడ ఏడవలేదు. ఏ చెయ్యి జారవిడిచిందో ఆ చేతినే ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ వింది. నేను చెప్పడం అయ్యాక తలెత్తింది.

“ఆడపిల్లా బాబూ, మగపిల్లాడా?”

“నేనొచ్చేటప్పటికి ఇంకా కాలేదు అత్తమ్మా” అన్నాను.

ఆవిడ సరే అన్నట్టు తలూపి, అన్నం పెడతానని లేచింది. ఆ కొండ మీద ముక్కూ మొహం తెలియని ముగ్గురు ఆడవాళ్ళకి ఏం కనిపించిందో నేను ఈనాటికీ చెప్పలేను. దేన్నీ నమ్మని నేను ఆవిడకి ఆ జవాబు అంత మామూలుగా ఎలా చెప్పానో, అదీ చెప్పలేను.