రెండో చరణంలో అమ్మ

షేర్ ఆటో శాలిబండ దాటుతుండగా ఆ పాత సినిమా పాట వచ్చింది. రెండో చరణం మొదలవగానే నా చెయ్యి కాళ్ల దగ్గర బిందె కోసం వెతికింది.

చిన్నప్పుడు రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ఊపిరి బిగబట్టి ఆ పాట రికార్డు చేశాను. సరిగ్గా రెండో చరణంలో అమ్మ కేకేసింది: “నల్లా వచ్చిందిరా, నీళ్లకు బిందె పట్టుకరా!”

“పాటంతా ఖరాబ్ చేసినవ్!” అని ఏడ్చాను.

“పాట మళ్లొస్తది బేటా, నల్లా వస్తదా?”

నెల రోజులు ఆ కేకతోనే విన్నాను. రేడియోలో పాట మళ్లీ వచ్చిన రోజు, అదే టేపులో అమ్మ గొంతు మీదే శుభ్రంగా ఎక్కించాను. పాడినాయన కూడా అంత గర్వపడి ఉండడు.

అమ్మ పోయి ఆరేళ్లు. పాట మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

“కిందేం పడ్డది అన్నా?” ఆటో డ్రైవర్ అడిగాడు.

“ఏం లేదు భాయ్. సౌండ్ జర పెంచు.”