అక్క నోటితో వాయించిన పాత ఫైటు

రెండు స్టాపుల ముందే దిగేసి నడుస్తున్నాను, చేతిలో టిఫిన్ డబ్బా. వెనకాల సేత్తూరు బస్సు ఇంకా ఆ సినిమా ఫైటు మ్యూజిక్కే మోగించుకుంటూ పోతోంది. ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక నష్టమేమీ లేదు, కాళ్లే నొప్పి. మా రూటు డ్రైవర్లకు ఒక పెన్‌డ్రైవ్ దొరికిందంటే అది అరిగేదాకా వదలరు. ఈ సినిమా వచ్చి ఏడాది దాటినా ఇంకా ఇదే వేస్తున్నారు. హీరో జైలు గేటు తోసుకుని బయటికి వచ్చేటప్పుడు ముందు డప్పులు, వాటి మీద సన్నగా నాదస్వరం. అది మొదలైతే కాలేజీ పిల్లలు సీట్ల మీద దరువేస్తారు. నేను మాత్రం దిగిపోతాను.

ఆ సినిమా నేనూ అక్కా రాజపాళయంలో మొదటి ఆదివారమే చూశాం. ఇద్దరం బేండేజీ గుడ్డ నేసే షెడ్డులో పని చేస్తాం, అక్క పన్నెండేళ్లుగా, నేను నాలుగేళ్లుగా. కరెంటు మగ్గాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే అక్కడ దేవుడు పిలిచినా వినపడదు. అందుకని పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. మేస్త్రీని తిట్టాలంటే మొహం అటు తిప్పుకుని తిట్టాలి, లేకపోతే చదివేస్తాడు. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. అక్క నా మొహంలోకే చూస్తూ మాట్లాడుతుంటే ప్రేమ అనుకునేదాన్ని.

అక్క చదివింది ఎనిమిదే కానీ చెవి మాత్రం గొప్పది. ఏ ఫైటు సినిమా అయినా ఒక్కసారి చూస్తే చాలు, థియేటర్ నుంచి బస్టాండు దాకా ఫైటంతా నోటితో వాయించేది. డప్పులు, వయొలిన్, విలన్ అద్దం పగలగొట్టుకుని పడే చప్పుడు, ఏదీ వదిలేది కాదు. షేర్ ఆటోవాళ్లు ఎక్కమని పిలవడం మానేసి వినేవాళ్లు. ఆ రోజు కూడా మొదలుపెట్టింది. నాలుగడుగులు నవ్వుకుంటూ నడిచి ఆగిపోయాను. అది ఆ సినిమాది కాదు. అదే హీరోది, మూడేళ్ల కిందటి సినిమాది.

"ఏమక్కా, పాత సినిమాది వాయిస్తా ఉండావు?"

నా పెదాల మీదికి చూసింది. "ఏమంటివి?"

మళ్లీ చెప్పాను. అక్క చెయ్యి విదిలించింది. "పోవే, అన్నీ ఒకటే మాదిరి కొడతారు. దీంట్లో కొత్తదేమి ఉండాది?"

"నాదస్వరం ఉండాది కదా, జైలు గేటు కాడ."

"నాదస్వరమా?" అంది. బస్సు వచ్చింది, ఎక్కాం. సీట్లో కూర్చున్నాక చెప్పింది: "రెండేళ్లుగా సన్న సత్తమేదీ చెవిన పడదు. డప్పు మాత్రం గుండెలో తగులుతాది. అమ్మకి చెప్పొద్దు. మేస్త్రీకి అసలే వద్దు."

చెవిలో గుబిలి తీయించి మందు పోస్తే సరిపోతుందని నాకు గట్టి నమ్మకం. బతిమాలి బుధవారం సెలవు పెట్టించి పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. అక్కను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అక్క టకటకా నొక్కుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో అద్దం అవతల మిషను దగ్గరున్న అమ్మాయి లేచి వచ్చి, అక్క కుర్చీని గోడవైపు తిప్పింది. అక్క చెవులతో కాదు, ఆ అమ్మాయి చెయ్యి కదలడం చూసి నొక్కుతోందట. కుర్చీ తిప్పాక ఆ బటన్ దాదాపు నొక్కనేలేదు.

డాక్టరమ్మ మాస్కు వేసుకుని ఉంది. చెవి నరం చచ్చిపోయిందనీ, వినికిడి మందులతో తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టినా మాటలు కలగాపులగంగానే వినిపిస్తాయనీ, మిగిలింది నిలవాలంటే ఆ మగ్గాల మోతలో పని మానెయ్యాలనీ అరవంలో చెప్పింది. పెదాలు కనిపించక అక్క నా వైపు తిరిగింది.

"ఏమన్నాది?"

"ఆ పని మానమంటా ఉండాది."

"మానేసి ఏమి తినాలో అది కూడా అడుగు."

నేను అడగలేదు. "నువ్వూ అక్కడేనా? అయితే చెవుల్లో ఏదైనా పెట్టుకో" అని డాక్టరమ్మ నాకు చెప్పింది. అది మాత్రం నేను అక్కకు చెప్పలేదు.

తిరిగొచ్చే బస్సులో అక్క నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఆ నాదస్వరం చెప్పు చూస్తాము." నాకు వచ్చినంత వరకు పాడాను. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. అక్క నా పెదాలనే చూస్తోంది, కనుబొమ్మలు ముడిచి, చిన్నపిల్ల లెక్క చేసినట్టు. మాటయితే పెదాల మీద కనిపిస్తుంది. రాగం కనిపించదు. కాసేపటికి గడ్డం వదిలేసి, "బాగుండాది" అంది.

మర్నాడు ఏడింటి షిఫ్టుకి ఇద్దరం పోయాం. నూలు తుక్కు ఉండలు చుట్టి రెండు చెవుల్లోనూ కుక్కుకున్నాను. ఎంత హాయిగా ఉందో, అంత సిగ్గుగానూ ఉంది. ఒక్కొక్కరికీ ఆరు మగ్గాలు. ఏది ఆగినా చప్పుడు మారుతుంది, చెవితోనే తెలుసుకుంటాం. పావుగంటకి మేస్త్రీ వచ్చి నా భుజం తట్టాడు. వెనక నాలుగో మగ్గం ఎప్పుడో ఆగిపోయి ఉంది, నాకు తెలియనేలేదు. అవతలి వరుసలో అక్క తల ఈ మగ్గం నుంచి ఆ మగ్గానికి ఊపిరాడకుండా తిరుగుతూనే ఉంది. రెండేళ్లుగా అంతే కాబోలు. ఇంకోసారి ఆగితే ఇంటికి పొమ్మన్నట్టు మేస్త్రీ గుమ్మంవైపు చెయ్యి ఊపాడు. సాయంత్రానికి ఇంకా చాలా సేపుంది, ముందున్న ఏళ్లకైతే లెక్కే లేదు. చెవుల్లో ఉండలు పీకి పారేసి, నాలుగో మగ్గాన్ని నడిపించాను.