ఎవరి పళ్ళెం వాళ్ళకి

వెంకటసత్యనారాయణకి ఈ భూమ్మీద ఎక్కడా ఓటు లేదు. కువైట్లో పరాయివాడికి ఓటేమిటి, అది సరే. సొంత ఊళ్ళో, అంబాజీపేట పక్కన, ఓటర్ల జాబితాలోంచి కూడా ఆయన పేరు ఎప్పుడో ఎగిరిపోయింది. భార్య సుబ్బాయమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి నంబరు మీద ఒక ఓటుండేది. ఆవిడ పోయాక అదీ లేదు. పిల్లలు కలగలేదు కాబట్టి ఆ లెక్క అక్కడితో సరి. అలాంటి మనిషి నెత్తిమీద ఒక దేశాధ్యక్ష ఎన్నిక వచ్చి పడింది. అదీ మనది కాదు, ఈజిప్టుది.

ఆయన పని సులైబియాలో ఒక ఉల్లిపాయల గోడౌన్లో. లారీ రాగానే బస్తాలు దింపించడం, కుళ్ళినవి ఏరించడం, మంచివి లోపలికి పంపించడం. గోడౌన్ వెనకే గది. అందులో ఆయనతోపాటు ఇద్దరు ఈజిప్టు వాళ్ళు. అబ్దుల్ హమీద్ గేటు కాపలాదారు, మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. జిర్జిస్ లారీ డ్రైవరు, సన్నగా ఉంటాడు, మణికట్టు మీద చిన్న శిలువ పచ్చబొట్టు. ఇద్దరిదీ మిన్యా అనే జిల్లా, పక్కపక్క ఊళ్ళు. ఒకడు ముస్లిం, ఒకడు క్రైస్తవుడు. ఇద్దరూ ఈయన్ని ‘నారాయన్’ అనేవారు. పూర్తి పేరు నోరు తిరగక మొదట్లోనే వదిలేశారు.

శుక్రవారం సెలవు. ఆ రోజు వంట సత్యనారాయణది. అన్నం, కోడి పులుసు, ఒక్కోసారి వాళ్ళకిష్టమైన ఆకుకూర. అంతా ఒకే పెద్ద పళ్ళెంలో పోసి, నేలమీద పాత పేపరు పరిచి, ముగ్గురూ చుట్టూ కూర్చుని చేతులు పెట్టి తినాలి. వాళ్ళ పద్ధతి అది. ఆ పళ్ళేన్ని సీనియా అంటారు.

మొదట్లో ఈయనకి అది నరకం. కోనసీమలో పుట్టినవాడు, ఎవరి విస్తరి వాళ్ళది అని నేర్చినవాడు, పక్కవాడు నాకిన వేళ్ళు పెట్టిన అన్నంలో చెయ్యి పెట్టడమంటే మాటలా? ఎంగిలి! కడుపునొప్పని అబద్ధమాడి రొట్టె ముక్క కొరుక్కుంటూ మూల కూర్చున్న శుక్రవారాలు చాలానే ఉన్నాయి.

సుబ్బాయమ్మ పోయిన కబురు ఒక శుక్రవారం పొద్దున్న వచ్చింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఊళ్ళో లేడు, పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది, వెళ్ళే దారి లేదు. ఆ రోజు వంట వాళ్ళిద్దరే చేసి, ఈయన్ని రెక్క పట్టి లేవదీసి పళ్ళెం ముందు కూర్చోబెట్టారు. అబ్దుల్ హమీద్ కోడిని చీల్చి మంచి ముక్కలన్నీ ఈయన వైపు నెట్టాడు. జిర్జిస్ ఈయన వైపున్న అన్నం మీద నిమ్మకాయ పిండాడు. సత్యనారాయణ ఏడుస్తూ తిన్నాడు. ఎవరి వేళ్ళు ఎక్కడ తగిలాయో చూసుకోలేదు. ఆ తర్వాత కడుపునొప్పి మళ్ళీ రాలేదు. నిజం చెప్పాలంటే వారమంతా ఆయన బతికేది ఆ పూట కోసమే. తిను తిను అంటూ అన్నం ఇటు నెట్టే మనిషి ఈ లోకంలో ఆయనకి ఇంకెక్కడా లేడు.

రెండువేల పన్నెండు వేసవిలో ఎన్నిక వచ్చింది. వాళ్ళ పాత అధ్యక్షుడు జనం తిరగబడితే దిగిపోయాడు. ఇప్పుడు కొత్తాయన్ని ఎన్నుకోవాలి, కువైట్లో ఉన్నవాళ్ళు కూడా ఓటెయ్యొచ్చు. జన్మలో మొదటిసారి తమ ఓటుకి విలువుందని ఇద్దరికీ ఒకటే సంబరం. మొదటి విడతకి ముగ్గురూ జిర్జిస్ లారీలోనే ఎంబసీకి వెళ్ళారు. ఓటు లేని సత్యనారాయణ బయట ఎండలో నిలబడి ఇద్దరి చెప్పులూ... కాదు, ఇద్దరి ఫోన్లూ పట్టుకున్నాడు. గుడి ముందు చెప్పులు కాసినంత గర్వంగానే కాశాడు లెండి. తిరుగుదారిలో ఎవరెవరికి వేశారో చెప్పుకుని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు.

ఆ విడతలో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. చివరికి ఇద్దరు మిగిలారు. సత్యనారాయణకి వాళ్ళ పేర్లు నోటపట్టలేదు, గుర్తులు పట్టాయి: ఒకరిది తక్కెడ, ఒకరిది నిచ్చెన. తక్కెడ మతం మాట చెప్పేవాళ్ళది. నిచ్చెన పాత ప్రభుత్వపు మనిషిది. అక్కడితో నవ్వులు ఆగిపోయాయి.

అబ్దుల్ హమీద్ అన్నని పాత ప్రభుత్వంలో మసీదు మెట్లమీద నుంచి పట్టుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, ఏళ్ళ తరబడి లోపలుంచి వంగిన నడుముతో వదిలారు. నిచ్చెన వస్తే మళ్ళీ పట్టుకుపోతారని అతని భయం. జిర్జిస్‌కి ఊళ్ళో ఇద్దరు కూతుళ్ళు, బడికి నడిచే వెళ్తారు. తక్కెడ వస్తే తల కప్పుకోని ఆ పిల్లల్ని దారిలో ఎవడేమంటాడోనని అతని భయం. రెండూ ఉత్త భయాలు కావు. అందుకే ఎవరికీ సర్దిచెప్పడానికి వీల్లేకపోయింది.

రెండో విడతకి ఎంబసీకి ఎవరికి వాళ్ళే వెళ్ళారు. వచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు. గదేమో మూడు మంచాలకే ఇరుకు. మాట్లాడాల్సింది సత్యనారాయణ మీదుగా పంపేవారు.

“నారాయన్, వాళ్ళ అన్నని జైల్లో పెట్టింది నేను కాదని ఆయనకి చెప్పు.”

“నారాయన్, ఆయన కూతుళ్ళ జోలికి ఎవడైనా వస్తే ముందు నేనే అడ్డం పడతానని చెప్పు.”

“అంత అడ్డం పడేవాడు తక్కెడకి ఎందుకేశాడో అడుగు.”

“మధ్యలో నన్ను చంపుతారేంటండీ బాబూ!” అని ఈయన తెలుగులో నెత్తి కొట్టుకున్నాడు. ఆనక అరబ్బీలో, “ఎవరొచ్చినా మీ ఇద్దరూ ఇక్కడే కదా ఉండేది, ఖలాస్, వదిలెయ్యండి” అన్నాడు.

జిర్జిస్ ఆయన వంక చూశాడు. “నీకు ఓటు లేదు, ఊళ్ళో మనిషి లేడు. నీకేం తెలుస్తుంది?”

కోపంలో అన్న మాటే. కానీ నిజం కూడా అదే. సత్యనారాయణ బయటికొచ్చి బస్తాల మధ్య కూర్చున్నాడు. ఓటు లేకపోయినా భయం ఉంటుందని వాడికెలా చెప్పడం? వీళ్ళిద్దరూ విడిపోతే తనకి శుక్రవారం ఉండదు. ఆయన భయం అంతే.

ఆ వారం బస్సెక్కి అబ్బాసియా వెళ్ళాడు. అక్కడ మణి అని మలికిపురం కుర్రాడు మెస్సు నడుపుతాడు. మెస్సులో మన ఉపఎన్నికల గొడవ నడుస్తోంది, కడప వాళ్ళు ఒక బల్ల మీద, గోదావరి వాళ్ళు ఒక బల్ల మీద అరుచుకుంటున్నారు. ఆ అరుపులూ ఈయనవి కావు. మణిని పక్కకి పిలిచి సంగతంతా చెప్పాడు.

“దానికంత బెంగేంటి బాబాయ్? మనేపు అన్నదమ్ములు గొడవపడితే ఏం చేత్తారండీ? ఎవరి విస్తరి ఆళ్ళకేసి, ఎవరి మర్యాద ఆళ్ళకిచ్చి, ఎదురెదురుగా కూకోబెడతారు. పెద్దోరు మజ్జిలో కూకుంటే, అన్నం కడుపులో పడేతలికి ఆళ్ళే మాటాడుకుంటారండి,” అన్నాడు మణి.

“నిజమేరా అబ్బాయ్! నాకు తట్టనేలేదు,” అన్నాడు సత్యనారాయణ. ఎంత తేలికైపోయాడంటే, దారిలో మూడు కొత్త పళ్ళేలు కొన్నాడు, అంచుకి నీలం గీత ఉన్నవి.

శుక్రవారం కోడి పులుసు మామూలుకన్నా మనసు పెట్టి వండాడు. మూడు పళ్ళేలూ పరిచాడు. అటొకటి, ఇటొకటి, మధ్యలో తనది. మంచి ముక్కలు లెక్క తప్పకుండా ఇద్దరికీ సమంగా వేశాడు. “యల్లా, రండి” అని పెళ్ళివారిని పిలిచినట్టు పిలిచాడు.

వాళ్ళొచ్చి నిలబడిపోయారు.

జిర్జిస్ ముందు అబ్దుల్ హమీద్‌ని చూశాడు, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నేరుగా. “క్రైస్తవుడితో ఒక పళ్ళెంలో తిననని ఇతనితో చెప్పించావన్నమాట. మీ తక్కెడ ఇంకా గెలవనే లేదు, అప్పుడే మొదలైందా?”

“నేనా? నా పక్కన కూర్చోలేక నువ్వే విడిగా పెట్టించుకుని, నింద నామీదా?” అబ్దుల్ హమీద్ గొంతు గోడౌన్ దాకా వినిపించింది.

“లా, లా! కాదు! నేనే పెట్టాను!” అని సత్యనారాయణ ఇద్దరి మధ్యా చేతులు ఊపాడు. తమ ఊళ్ళో అది మర్యాద అని చెప్పాలి. ఆయన అరబ్బీ బస్తాలకీ, లారీలకీ, జీతానికీ సరిపోతుంది. మర్యాదకి చాల్లేదు. వాళ్ళు వినే స్థితిలోనూ లేరు. ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళకి వేరే పళ్ళెం వెయ్యడమంటే వాళ్ళ దృష్టిలో చుట్టరికం తెంపెయ్యడం. అది ఆయనకి అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం ఎవరూ ముద్ద ముట్టలేదు.

ఫలితం ఒక ఆదివారం సాయంత్రం చెప్పారు. తక్కెడ గెలిచింది. చుట్టుపక్కల గోడౌన్ల ఈజిప్టు డ్రైవర్లు కొందరు హారన్లు మోగించారు, కొందరు తలుపులేసుకున్నారు. జిర్జిస్ పరుపు చుట్టి లారీలో పడేశాడు. ఖైతాన్‌లో చిన్నాన్న కొడుకు దగ్గర ఉంటాట్ట. సత్యనారాయణ లారీ తలుపు పట్టుకుని, “ఉండిపో” అన్నాడు. ఆయనకి వచ్చిన మాట అదొక్కటే. జిర్జిస్ ఆయన చెయ్యి మెల్లగా విడిపించి, “నీ తప్పేం లేదు నారాయన్” అని బండి కదిలించాడు.

ఆ శుక్రవారం సత్యనారాయణ పట్టుబట్టి పాత సీనియానే తీశాడు. ఒక్కడున్నా చాలు, ఆ ఒక్కడితోనైనా ఒక్క పళ్ళెంలో తింటే మిగిలింది మిగులుతుందని ఆశ. నిండా అన్నం పోసి, పేపరు పరిచి ఎదురుచూశాడు.

అబ్దుల్ హమీద్ వచ్చాడు. గెలిచినవాడి మొహంలా లేదు. సీనియా చూసి, గోడవారనున్న నీలం గీత పళ్ళెం తానే తెచ్చుకుని, అందులోకి తన వంతు అన్నం జాగ్రత్తగా తీసుకున్నాడు.

“పక్క గోడౌన్లో మీ ఇండియా వాళ్ళని అడిగాను,” అన్నాడు, ఆ భారీ గొంతు బాగా తగ్గించి. “ఒకరు చెయ్యి పెట్టింది ఇంకొకరు తినడం మీలో తప్పటగా. ఇన్నేళ్ళూ మా కోసం ఓర్చుకున్నావు. పాపం, ఇక పట్టలేక వేరే పళ్ళేలు తెస్తే, మాకు అర్థం కాక కొట్టుకున్నాం. నన్ను క్షమించు నారాయన్. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను.”

“లా, అబ్దుల్ హమీద్, లా... అది కాదు,” అని సత్యనారాయణ చెయ్యి చాపి అతని పళ్ళెంలో పెట్టబోయాడు. అబ్దుల్ హమీద్ దాన్ని మొహమాటం అనుకున్నాడు. నవ్వి, పళ్ళెం చేత్తో పట్టుకుని లేచాడు. వెళ్ళేముందు వంగి, సీనియాలోని మంచి ముక్కలన్నీ గరిటెతో, చెయ్యి తగలకుండా, ఆయన వైపు నెట్టాడు. ఆయన సుఖంగా తినాలని తలుపు కూడా దగ్గరికి వేసి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.