అమ్మ చుట్ట, డాక్టరుగారి పట్టు

మా డాక్టరుగారు పోయారన్న కబురు నాకు ఒక లారీ క్లీనరు చెప్పాడు. సాలూరులో మాది టైర్ల షాపు. స్టెప్నీ దించుతూ, "డాక్టరుబావు పోనారంట, తెలిసిందా?" అన్నాడు. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మరి లేవలేదట. షాపు మూసి వెళ్ళేసరికి వాళ్ళ వీధి మొదట్లో లారీలు బారుగా ఆగి ఉన్నాయి. దండలు పట్టుకుని నిలబడ్డ డ్రైవర్లలో ఆయన చేత తిట్లు తినని వాళ్ళు ఉండరనుకుంటాను.

ఏడుపొచ్చింది. దాంతోపాటు ఒక భయమూ పట్టుకుంది. అమ్మ మళ్ళీ చుట్ట ముట్టుకుంటుందేమోనని.

మా అమ్మది అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో అదేమీ వింత కాదు. పొలం గాలికి నిప్పు ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. నాట్లు వేసే రోజుల్లో అలవాటైంది. కొన్నేళ్ళుగా ఆయాసం మొదలైతే వయసులే అనుకుని ఇంటిల్లిపాదీ ఊరుకున్నాం.

డాక్టరుగారు ఊరుకోలేదు. గుండెలకి గొట్టం పెట్టి విన్నాక, అగ్గిపుల్ల గీసి అమ్మ నోటికి జానెడు దూరంలో పట్టుకున్నారు. "పెదాలు ముడవకు. నోరు బార్లా తెరిసి ఊదప్పా" అన్నారు. అమ్మ ఊదింది. మళ్ళీ ఊదింది. పుల్ల ఆయన వేళ్ళదాకా కాలిందిగానీ ఆరలేదు. ఇంకో పుల్ల గీసి, అలాగే నోరు తెరిచి తను ఆర్పి చూపించారు. "వయసంటావేటి? నాకు మాత్రం లేదా?" అన్నారు. ఊదే మిషను పరీక్షకి విజయనగరం పంపించి మరీ ఊపిరితిత్తుల జబ్బేనని ఖాయం చేసుకున్నారు.

"సుట్ట మానీ అప్పా."

"నా సుట్ట జోలికి రాకు బావూ. మందియ్యి, సాలు."

"ఇస్తాను. కానీ ఒచ్చినప్పుడల్లా అడుగుతాను. నువ్వు మానీదాకా అడుగుతానే ఉంటాను."

మా అమ్మ మొండితనం మా వీధంతా ఎరుగుదురు. అంతకు మించిన మొండిమనిషిని నేను చూసింది అప్పుడే.

ఆ మందు పీల్చేది. చిన్న మరలో క్యాప్సూల్ పెట్టి నోటితో లాగాలి. అమ్మ వాటిని శుభ్రంగా మజ్జిగతో మింగేసింది. మందు పనిచేయడం లేదని దెబ్బలాటకి వెళ్ళినప్పుడు ఆ సంగతి బయటపడింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "తప్పు నాది. సెప్పి ఒగ్గేసినాను, సేయించలేదు" అన్నారు. అప్పట్నుంచీ ఆ మందు వాడేవాళ్ళు ఎవరొచ్చినా ఆయన ఎదుట పీల్చి చూపించాల్సిందే. ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నా సరే.

డ్రైవర్లతో ఆయనకి నిత్యం పేచీయే. ఘాట్ రోడ్డు ఎక్కేముందు జలుబుకి సూది పొడిచెయ్యమంటారు వాళ్ళు. "జలుబుకి సూది లేదురా. ఏన్నీళ్ళు తాగి పడుకో. మాట మద్దిలో ఊపిరి అందకపోతే మాత్రం లారీ ఎక్కడుంటే అక్కడ ఆపీసి ఆస్పత్రికి పో" అనేవారు. సూది దొరికేచోటికి పోయేవాళ్ళు పోయారు. బెంచీలు ఖాళీ అయినా ఆయన సూది తియ్యలేదు. రెండు వారాలు దాటిన దగ్గని తెలిస్తే మాత్రం తెమడ పరీక్ష చేయించేదాకా వెంటబడేవారు. ఆ పరీక్షలో క్షయ బయటపడి, మందు పూర్తిగా వాడి, మళ్ళీ స్టీరింగు పట్టినవాళ్ళు మా షాపుకి వస్తుంటారు. ఆయన పేరెత్తితే లేచి నిలబడతారు.

అమ్మని అడగడం ఆయన మానలేదు. ఆవిడ అబద్ధమాడితే మొహం చూసి పట్టేసేవారు. కోప్పడేవారు కాదు. "జారినావా? సర్లే. మళ్ళీ మొదలెట్టు" అనేవారు. చివరికి ఒకరోజు అమ్మ చుట్టల కట్ట తెచ్చి ఆయన బల్ల మీద పడేసింది. "నీ నస పడలేను బావూ" అంది. ఆ ఏడే మళ్ళీ మేడెక్కి వడియాలు ఎండబెట్టింది. ఆ వడియాలు తిన్న ప్రతిసారీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆయన పెద్దకర్మ అయిన సాయంత్రం అమ్మ నేస్తాలు ముగ్గురు మా అరుగు మీద చేరారు. ముగ్గురిదీ అడ్డపొగే. అందులో ఒకావిడ చుట్ట తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"ఒకటి కాల్సే. బెంగ తీరతాది. తిట్టడానికి ఆ బావు లేడు కదేటి."

అమ్మ వద్దనలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నోరు తెరిస్తే పంతానికైనా కాలుస్తుంది.

"మానీసినానని సెప్పినాక కూడా ఎప్పుడన్నా ఒకటి కాల్సినానే" అంది అమ్మ. ఆ సంగతి నాకు తెలీదు. "కాల్సీసి ఆ బావు కాడికెల్తే, మళ్ళీ మొదలెట్టప్పా అనీవోడు. జారితే లేపడానికి ఆ బావున్నాడు గదాని కాల్సీదాన్ని. ఇప్పుడు జారితే నన్నెవులు లేపుతారు?"

ఆ చుట్టని ఇచ్చినావిడ ఒళ్ళోకే విసిరేసి, అమ్మ లేచి, గాలి వచ్చే వైపు అరుగు చివరికి మారింది. నేస్తాల్ని వదిలి లోపలికి మాత్రం రాలేదు. చీకటి పడుతోంది. ముగ్గురి పెదాల సందుల్లోంచి పొగ అవతలి వైపుకి పోతోంది. ఈ చివర అమ్మ మాట్లాడుతూనే ఉంది, ఊపిరి కోసం ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ.